ముదిమికి ముందే మతిమరుపా?

మతిమరుపు ముసలివాళ్ళ సొత్తు అని మనలో చాలామంది అనుకుంటారు. తాతగారు కళ్ళజోడు నుదుటికి ఎగదోసుకుని ఇల్లంతా వెదికితే పిల్లలు నవ్వుతారు, తాతగారూ నవ్వేస్తారు. కాని నలభై అయిదేళ్ళ మనిషి, నిన్నమొన్నటిదాకా ఇంటి జమాఖర్చంతా నోటిలెక్కగా చెప్పిన మనిషి, పొయ్యిమీద పాలు పెట్టిన సంగతే మరిచిపోవటం, ఎదురింటివారి పేరు కోసం తడుముకోవటం, ఒకే ప్రశ్న గంటలో మూడుసార్లు అడగటం మొదలుపెడితే ఎవరికీ నవ్వు రాదు. భయం వేస్తుంది. ఆ భయం చాలామంది చేత చేయించే మొదటి పని, విషయాన్ని దాచిపెట్టటం.

నడివయసులో కారణం తెలియని మతిమరుపు వస్తే దానిని దాచకండి. "వయసు మీద పడింది" అని సరిపెట్టుకోకండి. "ఇక మతి పోయినట్లే" అని బెంబేలు పడకండి. మతిమరుపు అనేది ఒక జబ్బు పేరు కాదు. జ్వరం లాగానే అది ఒక లక్షణం. జ్వరానికి మలేరియా కారణం కావచ్చు, టైఫాయిడ్ కావచ్చు, ఉత్త జలుబూ కావచ్చు. అట్లాగే మతిమరుపు వెనక కూడా ఎన్నో కారణాలు వుంటాయి. వాటిలో కొన్ని తేలికగా కుదిరేవి. అయితే తేలికగా కుదిరేవాటిలో కూడా, ఆలస్యం చేస్తే పూర్తిగా కుదరనివి వున్నాయి. అందుకే ఈ విషయంలో దాపరికం పనికిరాదు.

ఏది మామూలు? ఏది కాదు?

యూనివర్సిటీ లైబ్రరీకి ఒక కొత్త పుస్తకం వచ్చిందనుకోండి. ముందు అది కౌంటరు దగ్గరకు చేరాలి. తరువాత దానికి నంబరు వేసి బీరువాలో పెట్టాలి. ఆ తరువాత ఎవరైనా అడిగినప్పుడు వెదికి తీసి ఇవ్వాలి. మన జ్ఞాపకం కూడా ఇట్లాగే మూడు మెట్లమీద నడుస్తుంది: గ్రహించటం, భద్రపరచటం, గుర్తు తెచ్చుకోవటం.

ఇంటికి తాళం వేశారో లేదో మీకు గుర్తు లేకపోతే, సాధారణంగా లోపం మొదటి మెట్టులోనే వుంటుంది. చెయ్యి తాళం వేస్తుంటే మనసు పిల్లవాడి ఫీజు గురించి ఆలోచిస్తోంది. పుస్తకం కౌంటరుకే రాలేదు. ఇక బీరువాలో వెదికి ఏం లాభం? ఒకరి పేరు నాలిక చివర ఆడుతూ రాక, సాయంత్రం స్నానం చేస్తుండగా తటాలున గుర్తు రావటం మూడో మెట్టు లోపం. పుస్తకం వుంది, దొరకటం ఆలస్యమయింది. ఈ రెండూ ఆరోగ్యవంతులకు కూడా రోజూ జరిగేవే. నడివయసులో కాస్త ఎక్కువ కావటం సహజమే.

రెండో మెట్టు సంగతి వేరు. మెదడులో ఇరువైపులా, చెవులకు లోపలగా, సముద్రపు గుర్రం ఆకారంలో హిప్పోకాంపస్ అనే భాగాలు వున్నాయి. కొత్త సంగతులకు నంబరు వేసి బీరువాకు పంపే గుమాస్తాలు అవే. 1953లో అమెరికాలో ఒక యువకుడికి మూర్ఛలు తగ్గించటానికి ఈ భాగాన్ని రెండు వైపులా చాలావరకు తీసేశారు. మూర్ఛలు తగ్గాయి. మాట, తెలివి, పాత జ్ఞాపకాలు చాలావరకు నిలిచాయి. కాని అది మొదలు ఆయనకు కొత్త సంగతి ఏదీ నిలవలేదు. కాసేపటి కిందట మాట్లాడి వెళ్ళిన వ్యక్తి మళ్ళీ గదిలోకి వస్తే, కొత్తవారిని చూసినట్లు చూసేవాడు.

కనుక మీరు గమనించవలసింది ఇది. నిన్న పెళ్ళికి వెళ్ళివచ్చారు. విందులో ఏ స్వీటు వడ్డించారో గుర్తు లేదు. దీనికి బాధపడనవసరం లేదు. అసలు పెళ్ళికి వెళ్ళిన సంగతే గుర్తు లేదు, ఇంట్లోవాళ్ళు గుర్తు చేసినా గుర్తు రాలేదు. ఇది పరీక్ష చేయించుకోవలసిన మతిమరుపు.

ఇంకొక గుర్తు కూడా డాక్టర్లు చూస్తారు. తన మతిమరుపు గురించి ఎవరు ఎక్కువ చెబుతున్నారు? రోగి తానే వచ్చి, "సోమవారం ఇది మరిచాను, మంగళవారం అది మరిచాను" అని వరసగా ఏకరువు పెడితే డాక్టరుకు కొంత ధైర్యం కలుగుతుంది. మరిచిన సంగతులన్నీ ఆయనకు గుర్తున్నాయి కదా! అలా కాక భార్యాపిల్లలు బలవంతాన తీసుకువస్తే, రోగి మాత్రం "నాకేం లేదు, వీళ్ళ గోల" అంటుంటే, డాక్టరు మరింత జాగ్రత్తగా చూస్తారు. ఇది ఖచ్చితమైన కొలబద్ద కాదు. అయినా మీ ఇంట్లో ఏ పద్ధతిగా వుందో ఆలోచించుకోండి.

ఒక ఉదాహరణ

ఒక ఉదాహరణ తీసుకుందాం. మనిషి కల్పితమే. జబ్బు మాత్రం డాక్టర్లు చూస్తూవుండేదే.

ఉస్మానియా యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఒక అధ్యాపకుడు. వయసు యాభై రెండు. తార్నాకలో కాపురం. శాకాహారి. పాలు సయించవు, మజ్జిగ మాత్రం పలచగా పోసుకుంటారు. పదేళ్ళుగా మధుమేహానికి మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడుతున్నారు. గుండెమంటకని నాలుగేళ్ళుగా రోజూ పరగడుపున ఇంకొక మాత్ర.

ముందు విద్యార్థుల పేర్లు పోయాయి. ఏళ్ళ తరబడి చెబుతున్న పాఠం గనుక అది సాగిపోతోంది. కాని నిన్న ఎక్కడ ఆపారో తెలియక, "ఎక్కడిదాకా వచ్చాం?" అని ముందు వరసలోని అమ్మాయిని అడగటం అలవాటు చేసుకున్నారు. దిద్దిన జవాబు పత్రాల్లో మార్కులు కూడటం మరిచిపోతే తోటి అధ్యాపకుడు సర్దిపుచ్చారు. ఆర్ట్స్ కాలేజీ నుంచి రోజూ ఇంటికి నడిచివచ్చే దారిలో ఒకనాడు నిలబడిపోయి, తార్నాక చౌరస్తా ఎటువైపో తోచక కాసేపు తికమకపడ్డారు. ఆ మాట ఇంట్లో చెప్పలేదు.

ఇల్లాలు కనిపెట్టింది. "ఏమండీ, కరెంటు బిల్లు రెండుసార్లు కట్టారు. పొద్దున అడిగిందే మళ్ళీ అడుగుతున్నారు. ఒకసారి డాక్టరుకు చూపించుకుందాం" అంది. "నాకేం వచ్చింది? పని ఎక్కువయింది, అంతే. నువ్వు ఊరికే రాద్ధాంతం చెయ్యకు" అని ఆయన కసురుకున్నారు. ఆమె మళ్ళీ ఎత్తలేదు. బంధువులు ఫోను చేస్తే ఆయన చెప్పవలసిన జవాబులు తానే చెప్పటం మొదలుపెట్టింది.

ఇట్లా ఏడాదిన్నర గడిచింది. ఈలోగా అరికాళ్ళు తిమ్మిరెక్కాయి. కాలినుంచి చెప్పు జారిపోయినా తెలియటం లేదు. కళ్ళు మూసుకుని మొహం కడుక్కుంటుంటే తూలిపడబోతున్నారు. అదంతా షుగరు వల్లనే అనుకున్నారు.

చివరికి రక్తపరీక్షలో బయటపడింది బి-12 విటమిన్ లోపం. ఈ విటమిన్ పప్పులలో, కూరగాయలలో, పండ్లలో దొరకదు. మాంసం, చేపలు, గుడ్లు, పాలు, పెరుగు దీనికి ఆధారం. ఆయన తిండిలో అది తక్కువ. తిన్న కొద్దిపాటి విటమిన్ ఒంటికి పట్టకుండా మెట్‌ఫార్మిన్ కొంత అడ్డు తగులుతుంది. ఆహారం నుంచి ఈ విటమిన్ విడిపడాలంటే జీర్ణాశయంలో ఆమ్లం కావాలి. గుండెమంట మాత్ర ఆ ఆమ్లాన్ని తగ్గించింది. మూడు దారులూ ఒక్కసారే మూసుకున్నాయి. కాలేయంలో కొన్నేళ్ళకు సరిపడా నిలవ వుంటుంది గనుక లోపం మెల్లగా, చప్పుడు లేకుండా వస్తుంది. నిలవ అయిపోయాక నరాలమీద, మెదడుమీద దెబ్బ కనిపిస్తుంది.

ఇంజక్షన్లు మొదలుపెట్టాక ఇటువంటి వ్యక్తికి మతి చాలావరకు తేటపడవచ్చు. కాని పాదాల తిమ్మిరి, నడకలో తూలు పూర్తిగా పోతాయని ఏ డాక్టరూ హామీ ఇవ్వలేడు. ఏడాది ముందు వచ్చివుంటే పోయే అవకాశం ఎంతో ఎక్కువ. దాపరికానికి చెల్లించే మూల్యం అది.

మెట్‌ఫార్మిన్ గాని, గుండెమంట మాత్ర గాని మీరు వాడుతున్నట్లయితే ఇది చదివి మానేయకండి. మధుమేహాన్ని వదిలేస్తే వచ్చే నష్టం పెద్దది. ఏళ్ళ తరబడి వాడుతున్నవారు బి-12 పరీక్ష సంగతి డాక్టరును అడగండి. అదే సరైన పని.

తార్నాక చెప్పే పాఠం

తిండికీ మతికీ వున్న సంబంధం గురించి మాట్లాడటానికి తార్నాకను మించిన చోటు లేదు. జాతీయ పోషకాహార సంస్థ వున్నది అక్కడే, ఉస్మానియా కాంపస్‌ను ఆనుకుని. యూనివర్సిటీ స్థాపించిన 1918లోనే ఈ సంస్థ కూడా కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధన కేంద్రంగా పుట్టింది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో దానికి ఇప్పటి పేరు వచ్చింది.

ఆ రోజులలో తెలంగాణా పల్లెల నుంచి పెల్లాగ్రా రోగులు హైదరాబాదు ఆస్పత్రులకు వచ్చేవారు. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు లేవటం, విరేచనాలు, వాటితోపాటు మతి చెడటం ఈ వ్యాధి లక్షణాలు. నయాసిన్ అనే విటమిన్ లోపమే దీనికి మూలం. మొక్కజొన్న తినే దేశాలలో ఇది వస్తుందని లోకానికి తెలుసు. ఇక్కడివారు తినేది జొన్న. జొన్నలో ల్యూసిన్ అనే మాంసకృత్తి భాగం ఎక్కువగా వుండటం ఇందుకు కారణం కావచ్చునని 1960లో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్‌.జి. శ్రీకంఠయ్య ప్రతిపాదించారు. ఆ సిద్ధాంతం మీద తరువాత శాస్త్రజ్ఞులలో వాదోపవాదాలు నడిచాయి. కాని మనకు కావలసిన పాఠం అది కాదు. "పిచ్చి పట్టింది, గాలి సోకింది" అని వదిలేసిన మనుషులలో కొందరికి కావలసింది విటమిను, మంచి తిండీ. ఇప్పుడు పెల్లాగ్రా చాలా అరుదైపోయింది.

పెల్లాగ్రా పోయినా లోపాలు పోలేదు. హైదరాబాదులో ఆరోగ్యంగా కనిపించే పెద్దలను ఈ సంస్థవారే పరీక్షించి 2016లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, సుమారు మూడోవంతు మందిలో బి-12 తక్కువగా వుంది. వాళ్ళందరికీ మతిమరుపు వుందని కాదు. కాని మతిమరుపు వచ్చినవారు ఈ పరీక్ష చేయించుకోవటం ఎందుకు అవసరమో దీనివల్ల తెలుస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. రక్తం తక్కువగా వుందని మందుల షాపులో ఫోలిక్ ఆమ్లం మాత్రలు కొని మింగేవారు చాలామంది వున్నారు. ఫోలిక్ ఆమ్లం గొప్ప మందే. భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు బృందమే 1945లో అమెరికాలో దానిని తయారుచేసింది. బి-12ను వేరు చేయటం 1948లో గాని జరగలేదు. ఆ మధ్యకాలంలో ఒక విచిత్రం బయటపడింది. బి-12 లోపం వున్న రోగికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడుతుంది, నరాలు మాత్రం చెడిపోతూనే వుంటాయి. పైకి ఆరోగ్యం, లోపల నష్టం. కనుక సొంత వైద్యం వద్దు.

ఇంకా ఏమేం కారణాలు?

థైరాయిడ్ మందగించటం. ఆడవాళ్ళలో ఎక్కువ. మతిమరుపుతోపాటు బద్ధకం, ఒళ్ళు బరువెక్కటం, మలబద్ధకం, చలికి తట్టుకోలేకపోవటం, గొంతు బొంగురుపోవటం వుంటాయి. రక్తపరీక్షలో తేలిపోతుంది. రోజూ ఒక మాత్రతో సర్దుకుంటుంది.

మనసు కుంగిపోవటం. ఏ పనిలోనూ ఉత్సాహం లేకపోవటం, తెల్లవారుజామునే మెలకువ రావటం, ఆకలి తగ్గటం వుంటే మతిమరుపుకు మూలం అక్కడే వుండవచ్చు. దిగులుతో నిండిన మనసుకు కొత్త సంగతులను అందుకునే తీరిక వుండదు. దీనికి మంచి వైద్యం వుంది. ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే టెలి-మానస్ ఉచిత ఫోను నంబరు 14416కు చేయవచ్చు.

నిద్ర చాలకపోవటం. పగటి సంగతులు స్థిరపడేది రాత్రి నిద్రలోనే. పెద్దగా గురక పెడుతూ, మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేచేవారికి ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర చాలదు. ఈ సంగతి రోగికి తెలియదు. పక్కన పడుకున్నవారే డాక్టరుకు చెప్పాలి.

ముట్లుడిగే వయసు. ఆ రెండు మూడేళ్ళలో చాలామంది స్త్రీలకు బుర్ర మసకబారినట్లు వుంటుంది. ఒంట్లో ఆవిర్లు, చెమటలు నిద్ర పట్టనివ్వవు. ఎక్కువమందిలో ఇది క్రమంగా సర్దుకుంటుంది. "నీకు ఈ మధ్య ధ్యాస లేదు" అని దెప్పటం మాత్రం మందు కాదు.

మందులు, మద్యం. నిద్రమాత్రలు, జలుబు మాత్రలలో మత్తు కలిగించేవి, మూత్రం ఆపుకోలేనితనానికి వాడే కొన్ని మందులు మతిని మందగింపజేస్తాయి. ఏళ్ళ తరబడి తాగేవారిలో బి-1 విటమిన్ లోపించి జ్ఞాపకం శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

తలకు దెబ్బ. స్కూటరు మీదనుంచి పడి, దుమ్ము దులుపుకుని వచ్చేసిన మనిషికి కొన్ని వారాల తరువాత తలనొప్పి, మత్తు, మతిమరుపు రావచ్చు. పుర్రె లోపల రక్తం మెల్లగా చేరి మెదడును నొక్కుతుంది. సి.టి. స్కాన్‌లో కనిపిస్తుంది. ఆపరేషన్‌తో తీసివేయవచ్చు.

ఇవి కాక రక్తపోటు, మధుమేహం వల్ల మెదడులోని సన్నని రక్తనాళాలు చెడిపోవటం, చిన్నపాటి మూర్ఛలు, కొన్ని అంటువ్యాధులు, మెదడులో గడ్డలు కూడా కారణాలు కావచ్చు. చెవుడును కూడా మరువకండి. సరిగా వినపడని మాట గుర్తుండే ప్రశ్నే లేదు.

ఇక అందరూ భయపడే ఆల్జీమర్స్ వ్యాధి. నడివయసులో ఇది అరుదు. అయినా అసలు లేదనటానికి వీలు లేదు. 1906లో జర్మనీలో డాక్టర్ ఆల్జీమర్ మొదటిసారి వివరించిన రోగి, ఆస్పత్రిలో చేరేనాటికి యాభై ఒక్క ఏళ్ళ స్త్రీయే.

డాక్టరు దగ్గర ఏం చెప్పాలి?

ముందు మీ కుటుంబ డాక్టరు దగ్గరకే వెళ్ళండి. ఒక్కరే వెళ్ళవద్దు. మీతో ఒకే ఇంట్లో వుండేవారిని వెంటబెట్టుకు వెళ్ళండి. వెళ్ళేముందు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాయండి: ఎప్పుడు మొదలయింది, క్రమంగా ఎక్కువవుతోందా, ఏ పనులు చెడిపోతున్నాయి, వాడుతున్న మందులన్నీ ఏవి. ఆయుర్వేదం, హోమియో, పక్కింటివారు ఇచ్చిన మాత్ర, ఏదీ వదలకుండా రాయండి.

మామూలుగా రక్తహీనత, షుగరు, థైరాయిడ్, బి-12, మూత్రపిండాలు, కాలేయం, రక్తంలో సోడియం పరీక్షలు చేయిస్తారు. మాటలు, అంకెలు, బొమ్మలతో జ్ఞాపకశక్తిని పరీక్షిస్తారు. దానిని అవమానంగా భావించకండి. ఎమ్మే పాసైనవారిని "ఈరోజు ఏ వారం?" అని అడిగినా కోపం తెచ్చుకోవద్దు. అవసరమనిపిస్తే మెదడు స్కాన్ చేయించి, నరాల నిపుణుడి దగ్గరకు పంపుతారు.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం వారం పది రోజులు ఆగకండి. మతిమరుపుతోపాటు మూతి వంకరపోవటం, మాట తడబడటం, చెయ్యికాలు పడిపోవటం, భరించలేని తలనొప్పి, జ్వరం, మూర్ఛ వుంటే వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. అప్పటిదాకా బాగున్న మనిషి ఒక్కసారిగా "నేను ఇక్కడికి ఎట్లా వచ్చాను?" అని పదేపదే అడగటం మొదలుపెడితే అప్పుడు కూడా అంతే. డాక్టర్లు ఫిషర్, ఆడమ్స్ పేరు పెట్టిన ఒక తాత్కాలిక స్థితిలో ఇట్లా జరిగి, ఒక రోజులోపల దానంతట అదే తగ్గిపోతుంది. కాని అది అదేనా, పక్షవాతమా అని తేల్చవలసింది ఆస్పత్రిలోనే.

కారణం దొరకకపోతే?

అన్ని పరీక్షలూ చేయించారు. అన్నీ బాగానే వున్నాయన్నారు. కాని మతిమరుపు అట్లాగే వుంది. ఇది చాలామందికి ఎదురయే పరిస్థితే. "అంతా నీ భ్రమ" అని దీని అర్థం కాదు. మీ బాధ నిజమే. మెదడు నిర్మాణం చెడకపోయినా, ఆందోళనవల్ల, అలసటవల్ల, ప్రతి చిన్న పొరపాటునూ గమనిస్తూ భయపడటంవల్ల జ్ఞాపకం సరిగా పనిచేయకపోవచ్చు. భయం ధ్యాసను తినేస్తుంది. ధ్యాస లేకపోతే మరుపు పెరుగుతుంది. మరుపు పెరిగితే భయం పెరుగుతుంది. ఈ గొలుసును తెంచటం కూడా వైద్యమే. ఆరు నెలలకో ఏడాదికో మళ్ళీ పరీక్ష చేయించుకోండి. మొదటిసారి తేలనిది రెండోసారి తేలవచ్చు. మొదటిసారి వున్నంతే వుంటే అదీ ఒక మంచి వార్తే.

ఈలోగా జ్ఞాపకశక్తి పెంచుతామనే టానిక్కులకు డబ్బు పొయ్యకండి. బాదంపప్పు మంచి ఆహారం, తినండి. సరస్వతీ ఆకు పచ్చడి మీకు ఇష్టమైతే తినండి. కాని వాటిని నమ్ముకుని పరీక్షలు వాయిదా వేయకండి.

రోజు గడవటానికి కొన్ని ఉపాయాలు

ప్రతి వస్తువుకు ఒకే చోటు పెట్టండి. తాళాలు గోడకు మేకుమీద, కళ్ళజోడు దేవుడి గూటి పక్కన, ఇట్లా. చోటు మార్చటం ఇంట్లో ఎవరూ చేయకూడదు.

ఒకే ఒక్క నోటుపుస్తకం వాడండి. చిన్నచిన్న చీటీలు వద్దు, అవే పోతాయి. సెల్‌ఫోనులో అలారాలు పెట్టుకోండి. మాత్రలకు వారం రోజుల గళ్ళున్న డబ్బా కొనండి. వేసుకున్నామో లేదో అని రెండోసారి మింగే ప్రమాదం తప్పుతుంది.

చేసే పనిని పైకి అనండి. "గ్యాసు కట్టేశాను", "తలుపు గడియ పెట్టాను" అని మీకు మీరే చెప్పుకుంటే పుస్తకం కౌంటరు దాకా వస్తుంది. ఒకేసారి రెండు పనులు పెట్టుకోవద్దు.

దారి మరిచిపోయిన సంఘటన ఒక్కసారి జరిగినా, డాక్టరు చెప్పేదాకా స్కూటరు, కారు నడపకండి. కాంపస్ చెట్లకింద పొద్దున్నే నడిచే అవకాశం వున్నవారు నడవండి, వీలైతే తోడుతో నడవండి. నడక మెదడుకు రక్తం అందిస్తుంది. తోడు మాటలు అందిస్తుంది.

ఫోనులో వచ్చే ఓ.టి.పి. నంబర్లు ఎవరికీ చెప్పవద్దని ఫోను వెనకే రాసి అంటించండి. బ్యాంకు ఖాతాలు, ఇన్సూరెన్సు, నామినీ వివరాలు భార్యకో, భర్తకో తెలిసేటట్లు ఒక చోట రాసి వుంచండి. ఇది అపశకునం కాదు. ఆరోగ్యంగా వున్నవారు కూడా చేయవలసిన పనే.

ఇంట్లోవాళ్ళకు ఒక మాట

"ఇప్పుడే చెప్పాను కదా!" అనే మాటను ఇంట్లో మానెయ్యండి. చెప్పారు, నిజమే. ఆయన మెదడు అందుకోలేదు. రెండోసారి అడిగినా మొదటిసారి చెప్పినట్లే చెప్పండి. పదిమందిలో "ఈయనెవరో గుర్తుపట్టారా?" అని పరీక్షలు పెట్టకండి. "మన రాజమండ్రి బాబాయి గారు వచ్చారండీ" అని మీరే అందించండి. పిల్లలకు విషయం వాళ్ళ వయసుకు తగ్గట్లు చెప్పండి. నాన్న కావాలని మరిచిపోవటం లేదని తెలిస్తే పిల్లలు పెద్దవాళ్ళకంటే ఓర్పుగా వుంటారు.

అట్లా అని ఆయన పనులన్నీ మీరే లాక్కోవద్దు. చేయగలిగినవి చేయనివ్వండి. తప్పులను కప్పిపుచ్చుతూ రావటం ప్రేమే కావచ్చు. కాని దానివల్ల డాక్టరు దగ్గరకు వెళ్ళటం ఆలస్యమవుతుంది. కాపాడటం వేరు, కప్పిపుచ్చటం వేరు.

ఉద్యోగం పోతుందనే భయమే చాలామంది నోరు నొక్కుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, ప్రభుత్వ సంస్థలో పనిచేస్తుండగా ఒక ఉద్యోగికి వైకల్యం కలిగితే, ఆ కారణంగా తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పనికి తగకపోతే అదే జీతం స్కేలుతో మరొక పని ఇవ్వాలి. దానికి డాక్టరు కాగితాలు కావాలి. దాచుకుని, తప్పులు చేసి, సంజాయిషీ నోటీసు అందుకునేదానికన్నా, ముందే పరీక్ష చేయించుకుని కాగితాలు దగ్గర పెట్టుకోవటం ఎంతో మేలు.

మెదడుకు పెట్టుబడి

తార్నాకలో మెట్రో ఎక్కి నాలుగు స్టేషన్లు వెళ్ళేలోపల తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు మీ చెవిన పడతాయి. కూరగాయల బండి దగ్గర ఒక భాష, ఆఫీసులో ఒక భాష, ఇంట్లో ఒక భాష మాట్లాడటం హైదరాబాదువారికి అలవాటు. ఇది మెదడుకు మేలు చేస్తుందేమోనని పంజాగుట్టలోని నిమ్స్ ఆస్పత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం పరిశీలించింది. మతిక్షయం వచ్చిన 648 మంది వివరాలు చూసి 2013లో ప్రకటించారు. ఒకే భాష తెలిసినవారికన్నా, రెండు లేక అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారికి జబ్బు సుమారు నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలయింది. చదువురానివారిలో కూడా ఈ తేడా కనిపించింది.

భాషలు జబ్బును ఆపుతాయని దీని అర్థం కాదు. మెదడుకు పని పెడుతూ వుంటే కష్టకాలానికి నిలవ మిగులుతుందని ఆశ కలుగుతుంది. 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం లెక్క ప్రకారం, ప్రపంచంలో మతిక్షయం కేసులలో సుమారు 45 శాతం పధ్నాలుగు కారణాలతో ముడిపడి వున్నాయి. వాటిని సరిదిద్దుకుంటే నివారించటమో వాయిదా వేయటమో సాధ్యం కావచ్చునని వారి అంచనా. రక్తపోటు, మధుమేహం, చెడు కొలెస్టరాల్, పొగతాగటం, అతిగా మద్యం, చెవుడు, చూపు తగ్గటం, తలకు దెబ్బలు, మనోవ్యాకులత, ఒంటరితనం, వ్యాయామం లేకపోవటం వాటిలో వున్నాయి. వీటిలో చాలావాటిని సరిదిద్దుకోవలసిన వయసు నడివయసే. స్కూటరు మీద హెల్మెట్ పెట్టుకోవటం కూడా జ్ఞాపకశక్తికి మందేనన్నమాట.

మీకు గాని, మీ ఇంట్లోవారికి గాని కొన్ని నెలలుగా ఇటువంటి మతిమరుపు వుంటే, ఈ వారంలోనే ఇద్దరూ కలిసి కూర్చుని ఆ కాగితం రాయండి. డాక్టరు దగ్గరకు వెళ్ళే రోజు కూడా దానిమీదే రాసుకోండి.